బంధువుల మధ్య బేరము

పరాయివానితో బేరమాడునప్పుడు మనము కన్నులు తెరచికొని యుందుము. స్వంత మనిషితో బేరమాడునప్పుడు కన్నులు మూసికొందుము. ఈ రెంటిలో మోసము ఎక్కడ సులభము? బంధువునొద్ద ఒక వస్తువు కొనుట, బంధువునకు ఒక వస్తువు అమ్ముట చిన్న సంగతివలె కనబడును. గాని అన్నదమ్ముల మధ్య మాటలు నిలిచిపోయిన ఇండ్లలో విచారించి చూడుడు. ఆ తగవునకు మూలము అనేక పర్యాయములు ఒక పాడిగేదెయో, ఒక బండియో, అర ఎకరము పొలమో అయియుండును. కనుక ఈ సంగతిని ఒక ఉదాహరణ పెట్టుకొని ఆలోచింతము. ఉదాహరణ దూరదేశమునకు చెందినది. అందలి న్యాయము మన వాకిటిదే.

అమెరికా దేశపు ఉత్తర రాష్ట్రములలో, అనగా మిషిగను, ఒహాయో, న్యూయార్కు మొదలగు చోట్ల, చలికాలమున మంచు విస్తారముగా కురియును. అది కరగుటకై బాటలమీద ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు బండ్ల అడుగునకు చేరి ఇనుమును తినివేయును. ఆ దేశమున కన్వర్టిబుల్ అను ఒక విధమైన కారు కలదు. దాని పైకప్పు సాధారణముగా రేకు కాదు, గట్టి బట్ట. దానిని వెనుకకు మడిచివేసి చల్లగాలిలో తిరుగవచ్చును. చలికాలమున అది సుఖము కాదు గనుక అనేకులు దానిని ఇంటియొద్ద మూసియుంచి, వేసవి నెలలలో మాత్రమే వాడుకొందురు. కొన్ని నెలల షికారునకు క్రొత్త బండి ఎందుకని, పాతది ఏ చుట్టమునొద్దనైన దొరకునా అని విచారింతురు. ఇట్టి సరదా తప్పా అని ఎవరైన అడుగవచ్చును. అప్పు చేయక, ఇంటివారి అవసరములకు కొరత రానీయక కొనినయెడల అందు తప్పు లేదు. మన ప్రశ్న వేరు.

ఆ రాష్ట్రములలో మన తెలుగువారును కాపురమున్నారు. అట్టి ఒక ఇంట మేనమామ తన పాత కన్వర్టిబుల్‌ను మేనల్లునికి అమ్మబోవుచున్నాడనుకొందము. మేనల్లుడు వెల అడిగెను. “మనలో మనకు వెలయేమిట్రా అబ్బాయీ, నీకు తోచినది ఇవ్వు” అనెను మేనమామ. “మీరెంత చెప్పితే అంతే మామయ్యా” అనెను మేనల్లుడు. వినుటకు ఎంతో ప్రేమగా నున్నది. గాని మామయ్యకు ఒక సంగతి తెలియును. మూడేండ్లనుండి పైబట్ట కుట్టువద్ద నీరు కారుచున్నది. ఆ నీరు లోపలి తివాచీ క్రింద నిలిచి అడుగురేకును తుప్పు పట్టించినది. పైన రంగు మాత్రము మెరయుచున్నది. తివాచీ ఎత్తి చూచినయెడల మామయ్యను అనుమానించినట్లగునని మేనల్లుడు సిగ్గుపడెను. అతడు అడుగలేదు గదా అని మామయ్య ఊరకుండెను.

ఈ లోపము ఎంతటిదో తెలిసికొనవలెను. ఇతర కారులలో రేకు పైకప్పును, దానిని మోయు స్తంభములును బండి బిగువులో కొంత భాగము వహించును. కన్వర్టిబుల్‌కు గట్టి పైకప్పు లేనందున ఆ బిగువంతయు దాని అడుగునందును, తలుపుల క్రింద పొడవునా పోవు ఉక్కు పట్టీలయందును ఉండవలెను. వాటిని తుప్పు తినినయెడల తలుపులు సరిగా మూసికొనవు. గోతిలో దిగినప్పుడు బండి నడుము వంగును. ప్రమాదమున లోపలి మనుష్యులను కాపాడవలసిన బలము లోపించును. కాబట్టి మామయ్య దాచినది నాలుగు డబ్బుల సంగతి కాదు. అది మేనల్లుని భార్యాబిడ్డల ప్రాణములకు చెందిన సంగతి.

మామయ్య అబద్ధమాడెనా? ఒక్క మాటయు అబద్ధము చెప్పలేదు. అయినను అతడు నిర్దోషియని మన మనస్సు ఒప్పుకొనదు. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన విధిని జ్ఞాపకము చేసికొనుడు. ఎద్దు ఒక మనిషిని పొడిచి చంపినయెడల దాని యజమానునిమీద దోషము లేదు. గాని అది పొడుచు ఎద్దని అతనికి ముందే తెలుపబడియు, అతడు దానిని కట్టివేయక విడిచినయెడల దోషము అతనిది. ఎద్దు అదే, పొడుపు అదే. భేదమంతయు తెలిసియుండుటలో నున్నది. తెలిసినవాడు ఊరకుండుట తెలియనివాడు ఊరకుండుటవంటిది కాదు.

1970లో జార్జి అకర్లాఫ్ అను అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు పాత కారుల విక్రయమును దృష్టాంతముగా తీసికొని ఒక వ్యాసము ప్రకటించెను. 2001లో మరి ఇద్దరితో కలిసి ఆయన నోబెల్ బహుమానము పొందెను. ఆయన చూపిన సంగతిని పశువుల సంతకు పోయిన రైతు ఎవడైనను ఎరుగును. సరకు లోపము అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. తెలియనివాడు భయపడి అన్నిటికిని తక్కువ వెలయే చెప్పును. ఆ వెలకు మంచి బండి గలవాడు అమ్మనొల్లక తిరిగిపోవును. చెడ్డ బండి గలవాడు సంతోషముతో ఒప్పుకొనును. తుదకు సంతలో చెడ్డవే మిగులును. అందుచేతనే మనుష్యులు సంత విడిచి చుట్టమునొద్దకు పోవుదురు. చుట్టము లోపమును దాచడని వారి నమ్మకము. ఆ నమ్మకమును ఆధారము చేసికొనియే చుట్టము దాచినయెడల, కొనువానికి సంతలో నున్నపాటి జాగ్రత్తయు ఇక్కడ లేకపోయెను. పరాయివాడైతే అతడు తివాచీ ఎత్తి చూచియుండును గదా! కనుక బంధువులమధ్య చెప్పవలసిన బాధ్యత తగ్గదు. రెండింతలగును.

చట్టము చూచుకొనునని కొందరు అందురు. అమెరికాలో పాత కారులు అమ్ము వర్తకుడు, బండికి హామీ కలదో లేదో తెలుపు కాగితమును దాని కిటికీకి అంటించవలెనని 1985 నుండి ఒక నియమము కలదు. గాని అది వర్తకులకు సంబంధించినది. ఇంటివాడు తన స్వంత కారును అమ్ముకొనునప్పుడు అది వర్తింపదు. మేనమామ ఇంటి కిటికీకి కాగితము అంటించుమని ఏ ప్రభుత్వము చెప్పును? అక్కడ మనస్సాక్షియే ఆ కాగితము.

ఇంతవరకు అమ్మువానిని గూర్చి చెప్పితిమి. కొనువాడు నిర్దోషియా? సరకును నిందించి వెల తగ్గించి, ఇల్లు చేరిన తరువాత తన బేరమును పొగడుకొనువానిని సామెతలు 20వ అధ్యాయము మనకు చూపుచున్నది. చుట్టరికము చెప్పి వెల తగ్గించువాడు వానికి సోదరుడే. “మనలో మనకేమి” అను మాటతో ఒక విధవ మేనత్తయొద్ద గేదెను సగము వెలకు తోలుకొనిపోవువాడు ప్రేమ చూపుటలేదు, ప్రేమను వాడుకొనుచున్నాడు. లేవీయకాండము 25వ అధ్యాయములో పొలము వెలను గూర్చి ఎంత చక్కని కొలత యున్నది! సునాద సంవత్సరమునకు ఇంక ఎన్ని యేండ్లున్నవో లెక్కించి, మిగిలిన పంటల చొప్పున వెల కట్టవలెను. ఏండ్లు ఎక్కువైన వెల హెచ్చును, తక్కువైన వెల తగ్గును. ఒకనినొకడు బాధింపకూడదు. పాత వస్తువునకు ఇంతకంటె న్యాయమైన కొలత ఏది? అది ఇంక ఎన్ని యేండ్లు పనికివచ్చును? దానికి తగినది ఇమ్ము, దానికి తగినదే అడుగుము.

బంధువులమధ్య పత్రమెందుకు, సాక్షులెందుకు అని అడుగువారికి యిర్మీయా ప్రవక్త మాదిరిగా నున్నాడు. యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయము చదువుడు. పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలమును కొనుమని అడిగెను. అప్పుడు యెరూషలేము ముట్టడిలో నున్నది. ప్రవక్త చెరసాల ఆవరణములో నున్నాడు. అట్టి సమయమునను ఆయన పదునేడు తులముల వెండిని త్రాసులో తూచి ఇచ్చెను. పత్రము వ్రాసి, ముద్ర వేసి, సాక్షులను పిలిచెను. ముద్ర వేసినదొకటి, తెరచియున్నదొకటి, రెండు పత్రములను హనమేలు ఎదుటనే బారూకు చేతికిచ్చి, అనేక దినములు చెడకుండునట్లు మంటికుండలో ఉంచుమనెను. హనమేలుమీద అనుమానముచేత ఆయన ఇట్లు చేసెనని ఆ అధ్యాయములో ఎక్కడను లేదు. తమ తరువాత పుట్టబోవువారు తగవులాడకుండుటకును అట్టి పత్రము పనికివచ్చును.

మన గ్రామములలో ఈనాడు పాత మోటారుసైకిలు బావమరిదినుండి బావకు, అన్ననుండి తమ్మునికి మారుచుండును. డబ్బు చేతులు మారును, బండి మారును, రిజిస్ట్రేషను పుస్తకములో పేరు మాత్రము మారదు. ఒకే రాష్ట్రములో అమ్మినయెడల అమ్మినవాడు పదునాలుగు దినములలోను, కొనినవాడు ముప్పది దినములలోను ఆ సంగతి రవాణా కార్యాలయమునకు తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. రిజిస్టరులో పేరున్నవాడే చట్టము దృష్టిలో యజమానుడని, అమ్మివేసిన తరువాత జరిగిన ప్రమాదమునకును నష్టపరిహారపు భారము అతనిదేయని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. పేరు మార్చుకొనక తిరుగు తమ్ముడు తన భారమును అన్న మెడకు కట్టి తిరుగుచున్నాడు. ఇది చుట్టరికమా?

కాబట్టి సహోదరులారా, అమ్ము బంధువు తానే తివాచీ ఎత్తి చూపవలెను. ఇద్దరిలో ఎవరికిని చుట్టము కాని మెకానిక్కుచేత పరీక్ష చేయించుమని అతడే చెప్పవలెను. అప్పుడు కొనువానికి సిగ్గు ఉండదు. మొదట న్యాయమైన వెలను ఇద్దరును ఎరిగి నిర్ణయింపవలెను. మామయ్యకు ప్రేమ కలిగినయెడల ఆ వెలలో కొంత విడిచి, ఇంత నీకు బహుమానమని బాహాటముగా చెప్పవచ్చును. వెల వెలగాను, బహుమానము బహుమానముగాను ఉండవలెను. ఈ రెండును కలిసిపోయినప్పుడే, నేను అంత తగ్గించితినే అని ఒకరును, నాకు తుప్పు అంటగట్టెనే అని మరియొకరును ఏండ్ల తరబడి గొణుగుకొందురు.

బేరము ముగిసిన తరువాత లోపము బయటపడిన ఏమి చేయవలెను? పెండ్లిపందిరిలో పదిమంది యెదుట చెప్పక, మేనల్లుడు ఒంటరిగా మామయ్యనొద్దకు పోవలెను. ఆయనకును అది తెలియకపోయి యుండవచ్చును. తెలిసియే దాచినయెడల, మామయ్య బండిని తిరిగి తీసికొనవలెను, లేదా బాగుచేయు ఖర్చు భరింపవలెను. పెద్దవాడు చిన్నవాని యెదుట తప్పు ఒప్పుకొనుట కష్టమే. అయినను ఆ ఒప్పుకోలు జరిగిన ఇంట మరుసటి పండుగకు అందరును ఒకే పంక్తిలో కూర్చుందురు.

ఈ నెలలో మీరు మీ వారిలో ఎవరికైన ఒక ఎద్దునో, ఒక ఇంజనునో, ఒక మోటారుసైకిలునో అమ్మబోవుచున్నారా? దానియందు మీకు మాత్రమే తెలిసిన సంగతి ఏదో ఒకటి యుండును. డబ్బు చేతికి తీసికొనకమునుపు ఆ సంగతి చెప్పుడు.