మూలనున్న మొక్క

ఆదరణకు నోచుకొనని దానియందు అనుకొనకుండ సౌందర్యము కానవచ్చినపుడు మానవునకు ఆనందము కలుగును. ఆ ఆనందముతోపాటు కొంత సిగ్గును కలుగును. ఆనందమునకు కారణము తెలిసినదే. సిగ్గునకు కారణమేమి? ఎవరును నిందింపకున్నను, ఏ నష్టమును జరుగకున్నను, మనస్సు తనలో తాను తల వంచుకొనుట ఎందులకు? ఇది చిన్న ప్రశ్నవలె తోచినను ధర్మవిచారమునకు తగినదే.

తెలుగునాట అనేక గృహములలో బ్రహ్మకమలమని పిలువబడు మొక్క యొకటి కలదు. పొరుగువారు ఆకు వంటి ముక్కనొకదానిని తుంచి యిత్తురు. ఇంటివారు దానిని కుండీలో గుచ్చుదురు. అది తేలికగా నాటుకొనును. కాని ఏండ్లు గడచినను ఒక్కొక్కచోట పూయదు. ఆకుపై ఆకు పుట్టుకొని, వంకరలు తిరిగి, గోడకు ఒరిగి, దుమ్ము పట్టి, చూచుటకు ఇంపుగా నుండదు. తులసివలె పూజకు రాదు, కరివేపవలె కూరకు రాదు. కావున మొదట వాకిట నుండి పెరటికిని, పిదప పెరటిలో బట్టలుతుకు బండ ప్రక్క మూలకును అది జరుపబడును. పారవేయుటకు చేతులు రావు, పోషించుటకు మనసు రాదు. అట్టి స్థితిలో నుండగా వానకాలమున ఒకనాటి రాత్రి అరచేతికంటె పెద్దదైన తెల్లని పువ్వు విచ్చుకొనును. పరిమళము ఇల్లంతయు నిండును. ఇరుగుపొరుగు వారు పిలువబడుదురు, హారతి యిత్తురు. తెల్లవారకమునుపే ఆ పువ్వు వాడి వ్రేలాడును.

ఈ మొక్క స్వభావమును తెలిసికొనుట అవసరము. హిమాలయములలో పెరుగు అసలు బ్రహ్మకమలము వేరు. అది పొద్దుతిరుగుడు కుటుంబములోనిది. మన ఇండ్లలోనిది మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతముల నుండి వచ్చినది. నాగజెముడు కుటుంబమునకు చెందినది. అచ్చట అది అడవిచెట్ల కొమ్మలపై, వాని నీడలో పెరుగును. అయినను ఆ చెట్ల సారమును పీల్చుకొనదు. మనము ఆకు అనుకొనునది ఆకు కాదు, బల్లపరుపైన కాండము. ఆ కాండపు అంచున గల గంట్ల నుండియే మొగ్గ పుట్టి, పొడవైన కాడతో క్రిందికి వ్రేలాడి, పూయుదినము సమీపించినకొలది తల పైకెత్తును. పేరు ఎరువు తెచ్చుకొన్నది, ఆకు ఆకు కాదు, పుట్టిన దేశము ఈ దేశము కాదు. ఇన్ని విధముల మనము దానిని ఎరుగకయే సంవత్సరములు దాని ప్రక్కగా నడచితిమి.

పువ్వు విచ్చిన నాటి ముందటి దినమున ఆ సౌందర్యము ఎచ్చట నున్నది? అప్పుడే పుట్టినదనుట పొసగదు. మొగ్గ రోజుల తరబడి ఎదుగుచునే యున్నది. దానికి వలసిన బలమును ఆ దుమ్ము పట్టిన కాండమే ఎండనుండి, వాననుండి సంపాదించుచునే యున్నది. సౌందర్యము చూచువాని కంటిలో మాత్రమే యున్నదనుటయు పొసగదు. అట్లైనచో కన్ను తెరచియున్న ఇన్నాళ్లును అది ఏల కానరాలేదు? మొక్క తన పని తాను చేయుచున్నది. చూచువాడు మాత్రము తన పని చేయలేదు. సిగ్గునకు మూలమిదియే.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. "ఈ మొక్క మూలన పడియుండుటచేతనే పూచినది. ఎక్కువ నీరు పోసిన దాని వేరు కుళ్ళును, మండుటెండకు తాళలేదు, ఇరుకు కుండీకి ఓర్చుకొనును. కావున అనాదరణయే దానికి మేలు చేసినది" అని కొందరు వాదింతురు. చెప్పిన లక్షణములు నిజమే. కాని అనాదరణము వేరు, మితము వేరు. బయటికి రెండును ఒకటివలె కనిపించును. మితము పాటించువాడు మొక్కను ఎరిగి, దానికి చాలినంత ఇచ్చి, చేయి వెనుకకు తీయును. అనాదరించువాడు ఎరుగడు, ఈయడు. ఆ మొక్క స్వభావమునకు ఆ మూల తగియుండుట యాదృచ్ఛికము. అదే మూలన ఒక గులాబిని ఉంచినచో ఎండిపోవును. పూచినది కనులబడినది, ఎండిపోయినవి లెక్కకు రాలేదు. ఒక్క పువ్వును చూపి ఉపేక్షను సమర్థించుట ధర్మము కాజాలదు.

ఈ విచారము మొక్కతో ముగియునది కాదు. ప్రతి గృహమునందును మూలనున్నవారు కొందరుందురు. పెనిమిటి పోయి పుట్టింట వెనుకటి గదిలో కాలము గడుపు మేనత్త, మాట తడబడుటచే బంధువుల ఎదుటికి పిలువబడని పిల్లవాడు, అందరి విస్తళ్లు లేచిన పిదప భుజించు కోడలు, మఠమున దాసోహమునకు వచ్చి చివరి వరుసలో కూర్చుండి చదువుకొను బీద విద్యార్థి. వీరిలో ఎవరైన ఒకనాడు ప్రతిభ చూపినచో ఇల్లంతయు గుమిగూడును. "మాకు మొదటి నుండియు తెలియును" అని పలుకుదురు. అట్టి పలుకులో సత్యము లేదు. ఇంతకంటె కఠినమైన ప్రశ్న మరియొకటి కలదు. ఎన్నటికిని పూయని మొక్క సంగతి యేమి? ఏ ప్రతిభయు చూపకయే ఆ మేనత్త కన్ను మూసినచో ఆమెకు చెల్లవలసిన ఆదరణ చెల్లకుండినను సరిపోవునా? పువ్వు కొరకు నీరు పోయుట బేరము. పువ్వు వచ్చునో రాదో ఎరుగక, ప్రాణమున్నదని మాత్రమెరిగి నీరు పోయుట దయ. బసవేశ్వరుడు ధర్మమునకు మూలము దయ యని బోధించెనే కాని, ఫలమును చూచిన పిదప కలుగు మెప్పును మూలమని బోధింపలేదు.

12వ శతాబ్దమున కల్యాణమునందు జరిగినది ఈ విషయమునకు నిదర్శనము. చాకలి వృత్తి చేయు మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య అనుభవ మంటపమున తక్కిన శరణులతో సమానముగ కూర్చుండిరి. నేల రాలిన బియ్యపు గింజలను ఏరుకొని దాసోహము నడపిన ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులును వారిలోని వారే. భర్త ఒకనాడు అవసరమునకు మించిన బియ్యము తెచ్చినపుడు, మించినదానిని తిరిగి వేసి రమ్మని లక్కమ్మ పలికినదని సంప్రదాయము. రాలిన గింజను లోకము త్రొక్కి నడచును. ఆమె దానియందు దాసోహమును చూచినది, మితమును చూచినది. ఆ శరణుల మహిమను మంటపము సృష్టింపలేదు. లోకము వారి ప్రక్కగా నడచిపోవుచుండగా మంటపము నిలిచి చూచినది.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. శివుని మహిమను అందరును కొనియాడుచుండగా, ఆయనకు తల్లి లేదని ఆమెకు జాలి కలిగినది. తానే తల్లియై నలుగు పెట్టి నీళ్లు పోసినది. జగత్ప్రభువునందును కొరతను చూచి ఆదరించిన హృదయమామెది. ఫలమడిగిన భక్తి కాదది. అక్కరను గుర్తించిన భక్తి.

ఇక మిగిలినది ఆ రాత్రి పువ్వును ఏమి చేయవలెనను ప్రశ్న. కోసి లింగమునకు అర్పింపవలెనని కొందరు, కొమ్మననే ఉంచవలెనని కొందరు. షట్‌స్థల శాస్త్రము దీనికి మార్గము చూపుచున్నది. ఘ్రాణమున గ్రహించు గంధము ఆచారలింగమునకు, నేత్రమున గ్రహించు రూపము శివలింగమునకు అర్పితములు. శివలింగమునకు చెందినది ప్రసాదిస్థలము. కావున చేతితో కోయకున్నను, ఆ రూపమును కంటితోను ఆ పరిమళమును ముక్కుతోను అర్పించి స్వీకరించువాడు పూజ చేసినవాడే. అట్లు అర్పించినవానికి "ఇది నా ఇంటి పువ్వు, నేను పూయించితిని" అను గర్వమునకు చోటుండదు. అర్పింపక చూచిన సౌందర్యము భోగము. అర్పించి చూచినది ప్రసాదము.

నేత్రము ప్రసాదిస్థలమునకు చెందినదని అంగీకరించినచో, చూపు అశ్రద్ధగా నుండుటయు ఒక అనాచారమే యగును. నోటికి అనర్పితమును నిషేధించుకొనిన భక్తుడు కంటికి మాత్రము ఉపేక్షను ఏల అనుమతింపవలెను? పువ్వు వాడిన మరునాటి ఉదయము ఇరుగుపొరుగు వారు రారు, హారతి ఉండదు. ఆ మొక్క మరల వంకర కాండములతోనే నిలిచియుండును. భక్తికి పరీక్ష ఆ ఉదయమే. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, చాలినంత నీరు పోసి, వెనుకటి గదిలోని వారిని "భోజనమైనదా అత్తా" అని పలుకరించి, ఆ పిమ్మట తన కాయకమునకు పోవువాడు శరణమార్గమున నడచుచున్నవాడు.