వసూలుకెళ్లేవాడికి ఆగమన కాలం

నాన్నా,

పొద్దున్న గ్రూపు లోన్ల వసూలుకు బయటపడితే రాత్రికి గానీ గదికి చేరను, ప్రార్థనకే తీరిక లేదు, ఇక ఆగమన కాలంలో మనసును సిద్ధం చేసుకునేదెలా తాతయ్యా అని అడిగావు. ఫోన్‌లో తేలే మాట కాదని రాస్తున్నాను.

నవంబరు 30కి దగ్గరపడే ఆదివారంతో మొదలై నాలుగు ఆదివారాలు నడిచే కాలమిది. గుడిలో ఊదారంగు వస్త్రాలు, ఆదివారం పూజలో గ్లోరియా ఉండదు. పండుగ ఇంకా రాలేదని గుర్తు. బయట మాత్రం సెమీ క్రిస్మస్‌లు: కాలేజీలో ఒకటి, ఆఫీసులో ఒకటి, పార్టీవాళ్లది ఇంకొకటి. 25వ తేదీ వచ్చేసరికి కేకు మొహం మొత్తుతుంది. క్యారల్స్‌కి వెళ్లొద్దనను, ఆ డప్పుల చప్పుడు నాకూ ఇష్టమే.

కానీ ఈ కాలంలో మనం వినవలసిన మనిషి స్నాపక యోహాను. లూకా సువార్త మూడో అధ్యాయం తీయి. ఫాదర్‌గారు గులాబీరంగు వస్త్రాలు వేసుకునే మూడో ఆదివారం, మూడేళ్లకోసారి పూజలో వచ్చే భాగం అందులోదే. జనం నీలాగే, మేమేం చెయ్యాలని అడిగారు. ఆయన ఉపవాసాలు చెప్పలేదు, ఇన్ని జపాలని లెక్క పెట్టలేదు. రెండు అంగీలుంటే ఒకటి లేనివాడికి ఇమ్మన్నాడు. తర్వాత సుంకరులొచ్చారు. వాళ్లు నీ వృత్తివాళ్లే. మన ఊళ్లో చేపల చెరువు పాడుకున్నట్టు ఆ రోజుల్లో సుంకం వసూలు హక్కును పాటలో పాడుకునేవారు. పైకి కట్టేది కట్టి, లాభం జనం దగ్గర పిండేవారు. ఊరికి వాళ్లంటే రోత. అయినా యోహాను ఉద్యోగం మానమనలేదు, తనలా ఎడారికి వచ్చేయమనలేదు. ఉన్న లెక్కకు మించి తీసుకోవద్దన్నాడు, అంతే. సైనికులకైతే బెదిరించి గుంజుకోవద్దని, జీతంతో సరిపెట్టుకోమని చెప్పాడు.

నీ గ్రూపు లోన్లకూ లెక్కలున్నాయి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత అప్పు తీసుకున్నవాళ్లకు ఫోన్ చెయ్యకూడదని 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. అంతకుముందు 2010లో, ఇలాంటి అప్పులు తీసుకున్నవాళ్ల ఆత్మహత్యల తర్వాత, ఉమ్మడి రాష్ట్రంలో ఆర్డినెన్సే తెచ్చారు. వసూళ్లు ఇళ్ల దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసు లాంటి చోట జరగాలన్నారు. నీకప్పటికి ఊహ తెలియదు. కిస్తీ చేతిలో పడేదాకా అరుగు దిగని కుర్రాళ్లను నేను చూశాను. వాళ్లలో ఆదివారం గుడికొచ్చేవాళ్లూ ఉన్నారు.

కాబట్టి రాత్రి నిద్రపోయే ముందు ఆ రోజు కలెక్షన్ షీటు ముందు పెట్టుకో. నీ ప్రార్థన పుస్తకం ప్రస్తుతానికి అదే. ఎవరి గుమ్మం ముందు గొంతు పెంచావు, పక్క సభ్యురాళ్ల ముందు ఎవరి పరువు తీశావు, లేని కేసు పేరు చెప్పి ఎవరిని భయపెట్టావు, పేరుపేరునా దేవుడికి చెప్పు. మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు, "అమ్మా, ఆ రోజు అలా మాట్లాడకుండా ఉండాల్సింది" అని ఆమెతోనే అను. నలుగురిలో తిట్టి ఉంటే నలుగురిలోనే అను. కిస్తీ వదిలెయ్యమని కాదు, అది నీ చేతిలో లేదు. బాకీ బాకీయే.

టార్గెట్ తగ్గితే మేనేజరు ఊరుకోడంటావు. నిజమే, దానికి నా దగ్గర తేలిక జవాబు లేదు. అయితే సైనికులతో యోహాను జీతం మాట ఎందుకెత్తాడో ఆలోచించు. చాలాసార్లు గొంతు లేచేది ఇన్సెంటివ్ కోసం. ఈ డిసెంబరుకి అది రాకపోయినా ఫరవాలేదని ముందే అనుకో. మీ అమ్మకు కొత్త చీర లేకపోయినా మనింట్లో పండుగ ఆగదు, ఆమెతో నేను చెబుతాను.

పాపసంకీర్తనానికి 24 దాకా ఆగకు. ఆ రోజు ఫాదర్‌గారికి ఊపిరాడదు, నీకు రెండు నిమిషాలు కూడా దొరకవు. మూడో వారంలోనే వెళ్లు. కోపాలు, అబద్ధాలతో ఆపెయ్యకుండా డ్యూటీలో చేసినవి కూడా చెప్పు. చాలామంది వాటిని కంపెనీ ఖాతాలో రాసేసి బయటికొస్తారు.

నీ తాతయ్య