సొంత రెక్కలు - సాంఘిక బాధ్యత

తన ప్రాణాన్ని తాను పణంగా పెట్టే హక్కు మనిషికి ఉందా? ఇలా అడిగితే మనలో చాలామంది తడుముకోకుండా ఉందంటారు. నేనూ అనేవాణ్ణి. డబ్బు తనది, శ్రమ తనది, ప్రాణం తనది, మధ్య మనకేమిటి? కాని కారు ఇంజను బిగించిన విమానాన్ని ఇంటి దగ్గర తయారుచేసుకుని ఎగిరేవాళ్ళ సంగతి పరిశీలించాక, ఈ "తన" అనే మాట ఎక్కడిదాకా చెల్లుతుందో తేల్చకుండా జవాబు చెప్పరాదని నాకు తోచింది.

అమెరికాలో ఈ పనికి పాత చరిత్రే ఉంది. 1929 ప్రాంతంలో మిన్నెసోటా రాష్ట్రంలోని చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే మెకానిక్కు ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజనుతో చెక్క విమానం ఎగరేశాడు. 1932లో దాని నమూనా పటాలు అచ్చయాయి. విమానపు ఇంజను కొనే తాహతు లేనివాడికి ఆకాశం అందింది. ఈనాటికీ చాలామంది కారు ఇంజను వెతుక్కోవటానికి కారణం అదే. ప్రభుత్వ ఆమోదం పొందిన కొత్త విమానపు ఇంజను ఖరీదు పదుల వేల డాలర్లు.

ఆ ఖరీదులో ఏముంది? కంపెనీ లాభం ఉంది, సందేహం లేదు. కాని అదొక్కటే ఉందనుకోవటం పొరపాటు. అలాంటి ఇంజను ఆమోదానికి ముందు 150 గంటల పరీక్షకు తట్టుకుని నిలవాలి. సాధారణంగా దానికి రెండు మాగ్నెటోలూ, ప్రతి సిలిండరుకు రెండు ప్లగ్గులూ ఉంటాయి. ఒక వరస చచ్చినా రెండోది నడిపిస్తుంది. ఈ జాగ్రత్తల వెనక ఎన్నో విరిగిన ఇంజన్లున్నాయి, పోయిన ప్రాణాలున్నాయి. అంటే సమాజం కష్టపడి కూడబెట్టిన అనుభవం సరుకు రూపం దాల్చి అంగట్లో కూచుంది. కొనగలిగినవాడికి భద్రత దక్కుతుంది. కొనలేనివాడికి ధైర్యం మిగులుతుంది.

కారు ఇంజను చెడ్డదని నేననటం లేదు. అది వేరే పనికి పుట్టింది. రోడ్డు మీద ఎక్కువసేపు దాని శక్తిలో కొద్దిభాగమే వాడతాం. ఆకాశంలో అది సుమారు ముప్పాతిక శక్తితో గంటల తరబడి పనిచెయ్యాలి. అది వేగంగా తిరిగితేగాని పూర్తి బలం ఇవ్వదు. ప్రొపెల్లరు అంతకంటే నిదానంగా తిరిగితేగాని బాగా లాగదు. అంచేత చాలా ఇంజన్లకు మధ్యలో గేర్లో బెల్టో పెట్టవలసి వస్తుంది. అక్కడ పుట్టే కంపనాన్ని సరిగా లెక్క కట్టకపోతే అది ఉక్కును లోలోపల తినేస్తుంది. చాలాసార్లు అసలు ఇంజను బాగానే ఉంటుంది. దానికి కొత్తగా తగిలించిన పెట్రోలు గొట్టమో, వైరో, నీటి గొట్టమో దగా చేస్తుంది. కారు ఆగిపోతే రోడ్డు పక్కకు తోసుకుంటాం. ఆకాశంలో పక్క అంటూ ఉండదు.

"తెలిసే దిగాడు గదా, పడితే వాడి ఖర్మ" అంటాడు వ్యక్తివాది. ఈ వాదం వాస్తవాల ముందు నిలవదు. ఔత్సాహికులు నిర్మించిన విమానాలన్నిటి మీదా అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2012లో ఒక అధ్యయనం ప్రకటించింది. 2011లో ఆ దేశపు సాధారణ విమానయానంలో ఇవి దాదాపు 10 శాతం. మొత్తం ప్రమాదాల్లో వీటి వాటా సుమారు 15 శాతం. ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం. ఇంజను వైఫల్యం, విమానం అదుపు తప్పటం ముఖ్యమైన ప్రమాదాలు. ఇంకొక సంగతి నన్ను మరీ ఆలోచింపజేసింది. ఆ ఏడు మండలి దర్యాప్తు చేసిన ప్రమాదాల్లో సగానికి పైగా, ఇంకొకరి దగ్గర కొన్న విమానాలకు జరిగినవి. ఒకడు తెలిసి ఒప్పుకున్న అపాయం మరొకడికి అమ్ముడుపోయిందన్నమాట!

అలాంటి విమానంలో ప్రయాణికుడికి కనబడేలా హెచ్చరిక పలక ఉండాలని అమెరికా చట్టం శాసిస్తుంది. మంచిదే. కాని కింద పొలంలో పనిచేసుకునేవాడికి ఏ పలక చూపించారు?

అయితే వీటిని నిషేధించాలా? నేను ఒప్పుకోను. విమానంలో ఎక్కువ భాగం ఔత్సాహికులే, నేర్చుకోవటానికో వినోదానికో, నిర్మించాలని ఆ చట్టమే చెబుతున్నది. బతుకంతా ఒకే మర బిగించే కార్మికుడు ఇక్కడ ఒక పూర్తి వస్తువును తన చేతులతో సృష్టించగలడు. ఆ మనిషిని తిరిగి వట్టి కొనుగోలుదారుగా మార్చటం అభ్యుదయం కాదు. స్వేచ్ఛ ప్రకృతి నియమాలను ధిక్కరించటంలో లేదనీ, తెలుసుకుని వాడుకోవటంలో ఉందనీ ఎంగెల్స్ వివరించాడు. ఇనుముకు మన ఉద్దేశాలతో పనిలేదు. అయితే ఆ నియమాలను ఒంటరిగా తెలుసుకోవటం ఒక జీవితకాలంలో అయే పని కాదు.

దారి ఆ ఔత్సాహికులే చూపించారు. 1959-69 మధ్య తయారైన షెవ్రొలే కార్వైర్ కారు ఇంజన్ను చాలామంది విమానాలకు వాడారు. ఆ ఇంజనుకు గేర్లు లేకుండా నేరుగా ప్రొపెల్లరు తగిలిస్తారు. కారులో క్రాంక్ షాఫ్టు మెలిపెట్టే బలాన్ని మోస్తే చాలు. విమానంలో ప్రొపెల్లరు దాన్ని వంచటానికి కూడా ప్రయత్నిస్తుంది. 2000 తర్వాతి ఏళ్ళలో కొన్ని షాఫ్టులు పగుళ్ళిచ్చాయి, కొన్ని విరిగాయి. వాళ్ళు ఆ సంగతి దాచుకోలేదు. విరిగిన ముక్కలు పరీక్షించారు. ఉక్కు పైపొరను నైట్రోజనుతో గట్టిపరిచే పద్ధతి పాటించమన్నారు. ప్రొపెల్లరు వైపు అదనంగా ఒక బేరింగు పెట్టారు. కంపెనీల దగ్గర సరుకుగా ఉన్న అనుభవం ఇక్కడ మళ్ళీ అందరి సొత్తయింది.

నా జవాబు ఇది. తన ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు మనిషికి ఉంది. కాని ఇంజను ఆగి, దైవికంగా ఏ బీడులోనో దిగి, పరువు పోతుందనో బేరం చెడుతుందనో ఆ సంగతి నోరెత్తకుండా ఉండే హక్కు అతనికి లేదు. ఆ మౌనం అతని సొంతం కాదు. దాని ఖరీదు చెల్లించేవాడు, అదే షాఫ్టు బిగించుకుని రేపు ఎగరబోయేవాడు.