ఆ ఉద్యోగం పోకపోయి ఉంటే

1981లో న్యూయార్క్‌లోని సాలమన్ బ్రదర్స్ అనే పెట్టుబడి బ్యాంకును ఫిబ్రో అనే సరుకుల వ్యాపార సంస్థ కొనేసింది. పదిహేనేళ్లుగా అక్కడే పనిచేస్తున్న మైకేల్ బ్లూమ్‌బర్గ్‌ను ఇక రావద్దన్నారు. ఆయనకు అప్పుడు 39 ఏళ్లు. భార్య బెంగపెట్టుకుంటుందేమోనని ఆమెకు ఖరీదైన బొచ్చు కోటు కొనిపెట్టారట!

తర్వాత బాండ్ల ధరలు, లెక్కలు తెరమీద చూపే యంత్రాల కంపెనీ పెట్టారు. మెరిల్ లించ్ అనే ఆర్థిక సంస్థ తొలి కొనుగోలుదారు. 2002 నుంచి 12 ఏళ్లు న్యూయార్క్ మేయర్‌గా కూడా ఉన్నారు. సాలమన్‌లోనే ఉండిపోతే? బహుశా మరో సంపన్న బ్యాంకరుగా రిటైరయ్యేవారు.

అయితే ఈ కథ చెప్పేవాళ్లు తరచూ ఒక ముక్క మింగేస్తారు. బయటికొచ్చేటప్పుడు ఆయన చేతిలో కోటి డాలర్లున్నాయి.

డాట్‌కామ్ బుడగ పేలి 2001లో అమెరికాలో ఉద్యోగాలు పోయిన మన తెలుగు ఇంజినీర్లకు ఆ వెసులుబాటు ఎక్కడిది? హెచ్‌వన్‌బీ వీసామీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక 60 రోజుల దాకా గడువిచ్చే నిబంధన 2017లో గానీ రాలేదు. పెట్టెలు సర్దుకుని హైదరాబాద్ చేరినవాళ్లలో కొందరు ఇక్కడే స్థిరపడ్డారు, కొందరు మళ్లీ విమానమెక్కారు. అక్కడే ఉండిపోయుంటే అన్న లెక్క మాత్రం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో తెగదు. అది జీతంతో మొదలై, పిల్లలకు తెలుగు వచ్చేదా అన్నదాకా పోతుంది.