చౌక బేరంలో ఎవరి చాకిరీ?

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల ఇళ్లలో ఏడాదికోసారి ఒక లెక్క నడుస్తుంది. కాస్ట్‌కో కార్డుకి కట్టిన డబ్బు గిట్టిందా లేదా అని. 2024 సెప్టెంబరు నుంచి అక్కడ మామూలు సభ్యత్వం ఏడాదికి 65 డాలర్లు, పెద్ద కార్డు 130. పెద్ద కార్డు ఉన్నవాళ్లకి కొన్న సరుకు విలువలో రెండు శాతం ఏడాది తిరిగాక వెనక్కి ఇస్తారు. అదనంగా కట్టిన 65 డాలర్లు తిరిగి చేతికి రావాలంటే ఏడాదిలో 3,250 డాలర్ల సరుకు కొనాలి, నెలకి 271 చొప్పున. డాలస్ శివారులో ఉండే మా అక్క ఈ లెక్కంతా కాగితం లేకుండా చెప్పేస్తుంది. ఇద్దరు పిల్లలున్న ఇల్లు, పాలు, నూనె, పళ్లు, సబ్బుపొడి కలిపితే ఆ మొత్తం ఎప్పుడో దాటిపోతుందట. కాబట్టి లాభమే అంటుంది.

అక్క లెక్కలో తప్పేమీ లేదు. నన్ను పట్టుకున్న ప్రశ్న ఇంకొకటి. ఆ చౌక ఎక్కడ పుడుతోంది? దుకాణం వాళ్లు తగ్గించుకున్న ఖర్చు ఎవరి నెత్తిన పడింది?

ఈ తరహా దుకాణాన్ని 1976లో సాన్ డియెగోలో సోల్ ప్రైస్ అనే వ్యాపారి ఒక పాత విమానాల షెడ్డులో తెరిచాడు. ప్రైస్ క్లబ్ దాని పేరు. మొదట చిన్న వ్యాపారుల కోసం పెట్టిందే. 1983లో సియాటిల్‌లో కాస్ట్‌కో మొదలైంది, 1993లో రెండూ కలిసిపోయాయి. పద్ధతి తేలిగ్గానే అర్థమవుతుంది. మామూలు సూపర్ మార్కెట్లో పదుల వేల రకాలుంటే ఇక్కడ సుమారు నాలుగు వేలు. సరుకు వచ్చిన పెట్టెల్లోనే, చెక్క పలకల మీదే ఉంటుంది. అమ్మకం ధర మీద తక్కువ లాభం వేసుకుంటారు. కంపెనీ లాభంలో పెద్ద భాగం సభ్యత్వ రుసుము నుంచే వస్తుంది. అంటే అక్కడ సరుకు కంటే ముందు అమ్ముడుపోయేది లోపలికి వెళ్లే హక్కు.

మన దేశంలో దీనికి ఇంకో రూపం వచ్చింది. విదేశీ కంపెనీల టోకు దుకాణాలు వ్యాపారులకే అమ్మాలన్న షరతు మీద 2003లో బెంగుళూరులో మెట్రో, 2009లో అమృత్‌సర్‌లో వాల్‌మార్ట్, భారతీ కలిసి పెట్టిన బెస్ట్ ప్రైస్ వచ్చాయి. కిరాణా వాళ్లు, హోటళ్ల వాళ్లు కార్డులు తీసుకున్నారు. 2020లో వాల్‌మార్ట్ టోకు దుకాణాలు ఫ్లిప్‌కార్ట్‌కి, 2023లో మెట్రో దుకాణాలు రిలయన్స్‌కి పోయాయి. ఎవరు ఎక్కువ కొనగలరో వాళ్లకే తక్కువ ధర.

టోకున కొనడం మన ఆడవాళ్లకి కొత్తేమీ కాదు. మాది ఏన్కూరు. తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే రోడ్డు మీద ఉంటుంది. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు పక్కనున్న జూలూరుపాడు భద్రాద్రి కొత్తగూడెంలోకి పోయింది, మేం ఖమ్మంలో మిగిలాం. అడవి మాత్రం జిల్లా చూసి ఆగదు కదా. నా చిన్నప్పుడు, అంటే 1990లలో, ఎకరాలున్న ప్రతి ఇంట్లో ఎండాకాలం రాగానే ఏడాది సామాను దింపేవాళ్లు. కందులు, మినుములు, చింతపండు, మిరపకాయలు, బెల్లం, ఉప్పు. బండి వాకిట్లోకి వచ్చేదాకా నాన్న పని. బేరం ఆడిందీ, డబ్బిచ్చిందీ ఆయనే. "ఈసారి చింతపండు చౌకగా పట్టాను" అని పదిమందిలో చెప్పుకునేదీ ఆయనే.

బండి దిగాక మొదలయ్యేది అమ్మ పని. చింతపండు ఎండబెట్టి, దంచి, గింజ తీసి, పీచు లాగి, ఉప్పు చల్లి కుండలో అదిమి పెట్టాలి. మిరపకాయలకి తొడిమలు తీయాలి. రాత్రి చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని పడుకునేది. కందిపప్పుకి ఆముదం పట్టించాలి. బియ్యంలో వేపాకు కలపాలి, నెలకోసారి తీసి ఎండలో పోసి, పురుగు ఏరి, చెరిగి మళ్లీ ఎత్తాలి. వాన మబ్బు కనిపిస్తే మంచం మీది అప్పడాల నుంచి మేడ మీది పప్పు దాకా అన్నిటికీ ఆమే పరిగెత్తాలి. ఈ పనుల పొడవు ఎంతో నేనెప్పుడూ కొలవలేదు గానీ, వేసవి సెలవులంటే నాకు గుర్తొచ్చేది మాత్రం చింతపండు పీచే. ఆ చౌక అనే మాటలో ఇదంతా ఏ పద్దు కింద ఉంది?

చిల్లర వర్తకుడి పని ఏమిటో ఒకసారి ఆలోచించండి. బస్తా విప్పుతాడు, మంచీ చెడూ ఏరుతాడు, ఎలుకా పురుగూ పట్టకుండా కాపాడతాడు, మనిషికి కావలసినంత తూచి పొట్లం కట్టి ఇస్తాడు. ఈ పనికి ధర ఉంది. చిల్లర ధరకీ టోకు ధరకీ మధ్య తేడాలో అది కూడా ఉంటుంది. టోకున కొన్నప్పుడు ఆ పని మాయమైపోదు, వంటింట్లోకి వస్తుంది. దుకాణంలో చేస్తే జీతం, ఇంట్లో చేస్తే పొదుపు. మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు అల్లే ఆడవాళ్ల మీద రాసిన పుస్తకంలో చూపించింది ఇలాంటి గారడీనే. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారు చేస్తున్న ఆడవాళ్లని, ఇంట్లో ఊరికే కూర్చుని తీరిక వేళ అల్లుకునే గృహిణులన్నారు. ఆ పేరు పెట్టగానే కూలి తగ్గించడం సులువైపోయింది. మా అమ్మ అల్లలేదు, అమ్మలేదు. ఒక గోదాముని నడిపింది, అంతే.

అక్క కథ దీనికి కొనసాగింపు అనిపిస్తుంది. భర్త ఉద్యోగం మీద ఆధారపడ్డ వీసాతో వెళ్లింది. బి.ఎడ్. చదివింది, ఇక్కడ మూడేళ్లు పాఠాలు చెప్పింది. అక్కడ పని చేయడానికి వీల్లేదు. అలాంటి భార్యల్లో కొందరికి పని అనుమతి ఇచ్చే నిబంధన 2015లో వచ్చింది గానీ, అక్క వంతు రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో ఫోన్ చేసినప్పుడల్లా "ఈ నెల ఎనభై డాలర్లు మిగిల్చానే" అని చెప్పేది. మొదట్లో నవ్వేదాన్ని. ఒకరోజు తనే అంది, "నువ్వు జీతం చెప్తావు కదా, నేనిది చెప్తాను." ఆ తర్వాత నవ్వు రాలేదు.

సభ్యత్వం ఒకరి పేరున తీసుకుంటే, అదే ఇంట్లో మరొకరికి ఇంకో కార్డు ఉచితంగా ఇస్తారు. అక్కది ఆ రెండో కార్డు. దాని మీద తన ఫోటో ఉంది. ఆ దేశంలో తన ముఖం ఉన్న కార్డులు అప్పటికి చాలా తక్కువ. వారాంతం కారులో అక్కడికి వెళ్లడం తనకి బయటి ప్రపంచం. రుచి చూడమని చేతికిచ్చే ముక్కలు తింటూ, ఎవరో ఒక తెలుగావిడతో మాట కలుపుతూ తిరగడం. దీన్ని వినిమయ సంస్కృతి అని ఒక్క మాటలో కొట్టిపారేయడం నాలాంటి విశ్వవిద్యాలయం మనుషులకి తేలిక. పని హక్కు లేని మనిషికి పొదుపే సంపాదన అవుతుంది. ఆ సంపాదన మీద ఆమె గౌరవం ఆధారపడినప్పుడు, ఇంకా ఇంకా కొని ఇంకా ఇంకా మిగల్చక తప్పదు. అక్కడే నాకు బాధ.

2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని మన ప్రభుత్వం ఆపేసినప్పుడు అమెరికాలో మనవాళ్లు సోనామసూరి కోసం దుకాణాల మీద పడ్డారు. బండ్ల నిండా బస్తాలు తోసుకుపోతున్న దృశ్యాలు అందరం చూశాం. మా బావ ఎనిమిది బస్తాలు తెచ్చి కారు షెడ్డులో పేర్చాడు. మరుసటి వేసవికి పురుగు పట్టింది. జల్లించింది అక్క. నిషేధం 2024 సెప్టెంబరులో ఎత్తేసేనాటికి కూడా ఆ ఇంట్లో పాత బియ్యమే ఉడుకుతున్నాయి. వెనకాల వరసలో నిలబడి ఖాళీ చేతులతో వెళ్లినవాళ్ల సంగతి బావతో ఎత్తితే, "అందరూ కొన్నారు, నేనూ కొన్నాను" అన్నాడు. నిల్వ చేసే చోటు ఉండటమే ఒక అధికారం. ఆ సంగతి అది ఉన్నవాళ్లకి తోచదు.

ఆ చోటు లేనివాళ్లు మా ఊళ్లో మిరప కోతల కాలంలో కనిపిస్తారు. మా వైపు కోతలకి ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా ఆడవాళ్లు వస్తారు. చేను గట్టున పరదాల కింద ఉంటారు. సాయంత్రం కొట్టు దగ్గర చిన్న నూనె ప్యాకెట్టు, వంద గ్రాముల పప్పు, పది రూపాయల చింతపండు. కిలో లెక్కన చూస్తే మా ఇంటి చింతపండు కంటే వాళ్లు తినేది ఎంతో ఖరీదు. పేదవాళ్లే ఎక్కువ ధర కడతారన్న సంగతి 1963లో డేవిడ్ కాప్లోవిట్జ్ న్యూయార్కు పేదల మీద చేసిన అధ్యయనానికి పుస్తకం పేరే అయింది. (షాంపూ ఒక్కటే తిరగబడ్డ లెక్క. మన దగ్గర చాలా రకాల్లో సీసా కంటే రూపాయి పొట్లమే గిట్టుబాటు. కంపెనీల పోటీ వల్ల అయింది గానీ పేదల మీద ప్రేమతో కాదు.)

అయితే కొట్టు ధరలో ఇంకో సంగతి కూడా ఉంటుంది. ఖాతా. కూలి డబ్బు శనివారం వస్తుందనగా బుధవారం బియ్యం అయిపోతే గోదాము దుకాణం ఎవరికీ అప్పివ్వదు. కొట్టాయన ఇస్తాడు. నలుగురి ముందూ పాత బాకీ గుర్తు చేసి, ఒక మాట విసిరి, ఇస్తాడు. ఆ మాట పడేది కూడా ఆడవాళ్లే, ఎందుకంటే అప్పు అడగడానికి మగవాళ్లు వెళ్లరు. కొట్టుని ఆకాశానికెత్తే ఉద్దేశం నాకు లేదు. ధర ఒక్కటే పక్కపక్కన పెట్టి చూస్తే ఏదీ తేలదని మాత్రం అంటున్నాను.

ఇంకో వింత చింతపండుదే. అది చెట్టు మీద ఉన్నప్పుడు భద్రాచలం వైపు అడవి ఊళ్లలో కోయ ఆడవాళ్లు రాలగొట్టి, ఏరి, మోసుకొచ్చిన సరుకు. వేసవిలో కొత్త పంట ఒక్కసారిగా దిగినప్పుడు ధర పడిపోయి ఉంటుంది. దాచుకుందామంటే చేతిలో డబ్బుండదు, అమ్మక తప్పదు. వానాకాలంలో అదే చింతపండుని పొట్లాల్లో కొనుక్కుంటారు. మా నాన్న చౌకగా పట్టింది ఆ వేసవి అవసరాన్నే. దొంగ తూకాలతో, ఉప్పు ఇచ్చి అడవి సరుకు పట్టుకుపోయే షావుకార్ల నుంచి కాపాడటానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు. చింతపండు, ఇప్పపువ్వు, తేనె, తపసి బంక, కుంకుడుకాయలు కొనడం, నిత్యావసర సరుకులు డిపోల్లో అమ్మడం దాని పని. దాని కింద ప్రాథమిక సంఘాల్లో సభ్యులు గిరిజనులే. సభ్యత్వం, గోదాము, టోకు కొనుగోలు మూడూ ఇందులోనూ ఉన్నాయి. కాకపోతే ఇక్కడ సభ్యులంటే రుసుము కట్టి లోపలికొచ్చే కొనుగోలుదారులు కారు, వాటా ఉన్నవాళ్లు. ఆ వాటాకి ఆచరణలో ఎంత నోరుంటుంది, అందులో ఆడవాళ్ల నోరెంత అన్నది గట్టిగా అడగాల్సిన ప్రశ్న. ఆ పేరున్న కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన తూకం దగ్గర మాట చెల్లదు.

మాట చెల్లిన సందర్భం గురించి నాకు చెప్పింది మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ. 2000లో వెలుగు పథకం వచ్చాక మహిళా సంఘాలు బియ్యం అప్పు పద్ధతి నడిపాయి. రేషన్ బియ్యం పోను నెలకి ఇంకెన్ని కావాలో ఒక్కో ఇల్లాలు చెప్తే, గ్రామ సంఘం అన్నీ కలిపి టోకున కొని సభ్యులకి అప్పుగా ఇచ్చేది. వాయిదాల్లో కట్టేవాళ్లు. ఒక్కో ఇంటికి పది కిలోలు కొనే స్తోమత కూడా లేనివాళ్లు కలిసి లారీ సరుకు కొనేవాళ్లయ్యారు. 2015లో తెలంగాణలో మనిషికి ఆరు కిలోలు రూపాయికి, 2025 ఉగాదికి సన్నబియ్యం ఉచితంగా వచ్చాయి. ఇప్పుడు బియ్యం కొనే అవసరం చాలామందికి తగ్గింది. అది ఎంత మేలో ఆమే ముందు చెప్పింది.

అప్పుడు ఎందుకు గుర్తు పెట్టుకున్నావని అడిగాను. చాకిరీ అప్పుడూ ఉంది బిడ్డా, అంది. రాత్రి లెక్కలు, బస్తాలు దింపడం, సంచుల్లోకి కొలవడం అన్నీ మేమే. కాకపోతే ఎవరెన్ని పూటలు వచ్చారో పుస్తకంలో రాసుకునేవాళ్లం, రాని ఆమె తర్వాత నెల వచ్చేది.

"మొదటిసారి నలుగురం మిల్లుకి పోయినం. మిల్లు ఆయన మా మొహాలు చూసి, మీ మగోళ్లు రాలేదా అన్నడు. మేం బస్తాలో చెయ్యి పెట్టి గింజ పంటి కింద ఏసి చూసినం. నూకలెక్కువున్నయి. రెండు బస్తాలు దించనీయకుండా ఎనక్కి పంపినం."