అద్దములు గంగాళమైన విధము
(ధ్యానభాగము: నిర్గమకాండము 38:8)



లోహమును వస్త్రమును కలిపి పనిచేసిన శిల్పిని పరిశుద్ధ గ్రంథములో వెదకినయెడల, యూదా గోత్రికుడగు బెసలేలు మనకు కనబడును. దేవుడు అతనిని పేరుపెట్టి పిలిచి తన ఆత్మతో నింపెను. ఏఫోదు నేయునప్పుడు బంగారమును రేకులుగా కొట్టి, తీగెలుగా కత్తిరించి, నూలుతో కలిపి నేసిరి (39:3). మన తండాలలో లంబాడీ తల్లులు గుడ్డలో అద్దపు బిళ్లలను, గవ్వలను, నాణెములను కుట్టుట చూచినవారికి ఇట్టి పని తేలికగా బోధపడును.

ఈ పనికి కావలసిన సామగ్రి ఇండ్లలోనుండి వచ్చెను. గుడారపు ద్వారమునొద్ద సేవచేయు స్త్రీలు తమ అద్దములనిచ్చిరి. ఆ కాలపు అద్దములు గాజువి కావు, మెరుగుపెట్టిన లోహపు బిళ్లలు. ఏది ఏ తల్లి ఇచ్చినదో, ఏ పెండ్లినాటిదో వ్రాయబడలేదు. వాటితో బెసలేలు ఇత్తడి గంగాళమును చేసెను. యాజకులు అందులోని నీళ్లతో కాళ్లు చేతులు కడుగుకొని దేవుని సన్నిధికి పోయిరి. తన ముఖము చూచుకొను వస్తువు పరుల మాలిన్యము కడుగు వస్తువాయెను. జ్ఞాపకము నశింపలేదు, దాని పని మారినది.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో ఔటర్ రింగురోడ్డు వచ్చిన తరువాత పొలములు అమ్ముడుపోవుచున్నవి, పాత ఇండ్లు కూలుచున్నవి. ఇనుప పెట్టెలలోనుండి అమ్మ పెండ్లిచీర, పేరు చెక్కిన ఇత్తడి బిందె బయటికి వచ్చుచున్నవి. ఆ బిందె కొరకే ఒక తల్లి బిడ్డలు మాటలు మానుకొని, ప్రభువు బల్లయొద్ద ఎడమెడముగా మోకరించుట మేము చూచుచున్నాము. తల్లి జ్ఞాపకార్థమని పట్టుకొన్న వస్తువు తల్లి కన్నవారినే విడదీసినయెడల, అది ఎవరి జ్ఞాపకార్థము?

వస్తువును దాచుకొనుట పాపమని మేము చెప్పము. యొర్దాను దాటినప్పుడు యెహోషువ పండ్రెండు రాళ్లను జ్ఞాపకార్థముగా నిలిపెను. అయితే మోషే చేసిన ఇత్తడి సర్పమును జనులు తరతరములు దాచుకొని, తుదకు దానికి ధూపము వేసిరి. కావున హిజ్కియా రాజు దానిని పగులగొట్టెను (2 రాజులు 18:4). ఒకనాడు ప్రాణము కాపాడినదే మరియొకనాడు ఉరియాయెను.

ప్రియులారా, ఈ నెలలో మీ పెట్టె తెరచి చూడుడి. పాత చీరలను బొంతగా కుట్టి చలికి వణకువారికి కప్పుడి. బిందె మీద పంతమున్నయెడల, మొదట మీరే దానిని మీ తోడబుట్టినవారి ఇంటికి మోసికొనిపొండి. పిమ్మట బల్లయొద్దకు రండి. అట్టి మనస్సును ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.