సగం నింపిన కప్పు



బ్రిటన్‌లో బయోకెమిస్ట్రీ డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్న మన తెలుగమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "బాబాయ్, నాకు 58 శాతమే వచ్చేట్టుంది. ఇక డాక్టర్ ఆశ వదులుకోవాల్సిందేనా?" అంది. గొంతు పూడుకుపోయింది.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. తొంభైలకు అలవాటుపడ్డ మన చెవికి 60 తక్కువగా వినిపిస్తుంది. అక్కడ 70 వస్తే ఫస్ట్ క్లాసు. 60 వస్తే సెకండ్ క్లాసులో పైమెట్టు, 50 వస్తే కిందిమెట్టు. డిగ్రీ అయినవాళ్లు నాలుగేళ్లలో వైద్యం చదివే కోర్సులు ఆ దేశంలో 2000లో మొదలయ్యాయి. చాలా కాలేజీలు పైమెట్టు అడుగుతాయి. కిందిమెట్టుతో తీసుకునేవీ కొన్ని ఉన్నాయి. అక్టోబరు మధ్యలోగా పంపే దరఖాస్తులో వైద్యానికి నాలుగు కాలేజీలే రాసుకోవాలి. అందుకే ప్రతి కాలేజీ నిబంధనా చదివి మరీ ఎంచుకోవాలి. ఆపైన ప్రవేశపరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి.

ఆ అమ్మాయి వారాంతాల్లో వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. చేతులు వణికే ఒక పెద్దాయనకు టీ కప్పు సగమే నింపి ఇస్తుందట, ఒలికితే ఆయన చిన్నబుచ్చుకుంటాడని. ఆ సంగతి ఏ మార్కుల పట్టీలోనూ కనిపించదు. ఇంటర్వ్యూలో వెతికేది మాత్రం అలాంటి మనసునే.

"మిగిలిన పరీక్షలు శ్రద్ధగా రాయి తల్లీ, 58 ఇంకా 60 కావచ్చు. కాకపోయినా దారి మూసుకుపోలేదు," అన్నాను.

మీ ఇంట్లోనూ మార్కుల బెంగతో ఎవరైనా ఉంటే, ఈ పూట వాళ్ల పక్కన కాసేపు కూర్చోండి.